చెప్పుల చరిత్ర మార్చిన నల్లజాతి కార్మికుడు: యాన్ మాట్సెలిగర్

తోలు పని చేసిన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. చదునుగా ఉన్న తోలును గుండ్రటి పాదానికి సరిపోయేలా వంచడమే ఆ పనిలో అసలు కష్టం. కోయడం కొన్నాళ్లలో వస్తుంది. కుట్టడమూ వస్తుంది. వేళ్ల దగ్గర, మడమ దగ్గర తోలు ఉబ్బకుండా, లాగితే చిరగకుండా, రేపు తొడుక్కుని నడిచేవాళ్ల కాలికి గుచ్చుకోకుండా కూర్చోబెట్టడం మాత్రం ఏళ్ల తరబడి చేస్తేనే చేతికి పట్టుబడుతుంది. అమెరికా బూట్ల ఫ్యాక్టరీల్లో ఈ పనిని లాస్టింగ్ అనేవారు. లాస్ట్ అంటే పాదం ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చు. కార్మికుడు దాని మీద పై తోలు పరిచి, పటకారుతో లాగి, అంచుల్లో సన్న సన్న మడతలు పెట్టి, నోట్లో పెట్టుకున్న చీలలు ఒక్కొక్కటే తీసి కొడుతూ అడుగుకు బిగించేవాడు.

1880 నాటికి అక్కడ బూటు తయారీలో దాదాపు ప్రతి పనికీ యంత్రం వచ్చేసింది. ఈ ఒక్కదానికి రాలేదు. ఎందరో ఇంజినీర్లు ప్రయత్నించి వదిలేశారు. మనిషి చెయ్యి తప్ప ఇది ఎవరివల్లా కాదని ఫ్యాక్టరీ యజమానులూ అనుకున్నారు, కార్మికులూ అనుకున్నారు.

ఆ పని యంత్రంతో చేయించినది ఒక నల్లజాతి కార్మికుడు. కాలేజీ గుమ్మం తొక్కలేదు. అమెరికాలో దిగేనాటికి ఇంగ్లీషు కూడా సరిగా రాదు. పేరు యాన్ ఎర్నస్ట్ మాట్సెలిగర్. 1889లో, 36 ఏళ్లకే, క్షయతో చనిపోయారు. ఆయన యంత్రాన్ని పునాదిగా చేసుకుని లేచిన కంపెనీ అమెరికాలోనే పేరుమోసిన గుత్త సంస్థ అయింది. ఎడిసన్, గ్రాహంబెల్ ఎవరంటే మన హైస్కూలు పిల్లలు టక్కున చెబుతారు. ఈ పేరు మన పుస్తకాల్లో ఎక్కడా కనపడదు.

పారామరిబో నుంచి

మాట్సెలిగర్ 1852 సెప్టెంబరు 15న దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని పారామరిబోలో పుట్టారు. అది ఇప్పటి సురినామ్ రాజధాని. అప్పట్లో డచ్చివాళ్ల వలస. తండ్రి డచ్చి ఇంజినీరు, ప్రభుత్వ యంత్రశాలలో అధికారి. తల్లి ఆఫ్రికా సంతతికి చెందిన నల్లజాతి స్త్రీ. ఆయన పుట్టేనాటికి సురినామ్‌లో బానిసత్వం చట్టబద్ధం. ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల రెక్కల మీదే అక్కడి చెరకు తోటలు నడిచేవి. 1863 జూలై 1న బానిసత్వాన్ని రద్దు చేశారు గానీ, చాలామంది మరో పదేళ్లు కాంట్రాక్టు పేరుతో అవే తోటల్లో పనిచేయక తప్పలేదు. ఆ పదేళ్లు ముగిసిన 1873లోనే కలకత్తా నుంచి కూలీ ఒప్పందాల మీద మనవాళ్లను ఎక్కించుకుని లాలా రూఖ్ అనే ఓడ పారామరిబో చేరింది. ఒక పీడిత జనం సంకెళ్లు ఊడుతున్నాయనగానే ఇంకో పీడిత జనాన్ని ఓడ ఎక్కించడం తోటల యజమానులకు తెలిసిన విద్యే.

మాట్సెలిగర్ అప్పటికే ఆ ఊరు వదిలేశారు. పదేళ్ల వయసులో తండ్రి యంత్రశాలలో పనికి కుదిరి లేత్‌ల మధ్య, ఆవిరి యంత్రాల మధ్య పెరిగారు. 19వ ఏట ఓడలో నావికుడిగా చేరి సముద్రం మీదికి వెళ్లిపోయారు. రెండేళ్లు తిరిగాక అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దిగారు. చేతిలో మెషినిస్టు పని ఉంది. ఒంటి రంగు నలుపు. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయి పదేళ్లు కూడా కాలేదు. యంత్రాల పనికి నల్లవాడిని పెట్టుకునే షాపులు దాదాపు లేవు. దొరికిన చిన్నా చితకా పనులు చేస్తూ, బూట్ల పని కొంత నేర్చుకుని, 1877లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణానికి చేరారు.

బూట్ల ఊరు

లిన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. బోస్టన్‌కు దగ్గర్లో సముద్రపు ఒడ్డున ఉండే ఈ ఊరు ఆడవాళ్ల బూట్లకు దేశమంతా పేరు. ఫ్యాక్టరీలు రాకముందు లిన్‌లో ఇంటి వెనక చిన్న కొట్టాలు ఉండేవి. పొడవు పది అడుగులు, వెడల్పు పది అడుగులు కాబట్టి వాటిని పదడుగుల కొట్టాలనే పిలిచేవారు. అందులో నలుగురైదుగురు మగవాళ్లు కూర్చుని అడుగులు కుట్టేవారు. ఆడవాళ్లు ఇంటి దగ్గర పై తోళ్లు కలిపి కుట్టేవారు. పని చేస్తుండగా ఒకరు పేపరు చదివి వినిపిస్తే మిగతావాళ్లు వింటూ, వాదించుకుంటూ కుట్టేవారు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపి చేపలు పట్టడానికి పోవాలో వాళ్ల ఇష్టం.

1852లో, మాట్సెలిగర్ పుట్టిన ఏడాదే, కుట్టుమిషనును తోలు కుట్టేలా మార్చి లిన్‌లో వాడటం మొదలైంది. 1858లో లైమన్ బ్లేక్ అనే ఆయన అడుగును పై తోలుకు కలిపి కుట్టే యంత్రం చేశారు. గోర్డన్ మెకే అనే వ్యాపారి ఆ పేటెంటు కొన్నాడు. మెకే కనిపెట్టిన అసలు యుక్తి యంత్రంలో లేదు, లెక్కలో ఉంది. యంత్రాన్ని అమ్మకుండా అద్దెకిచ్చి, దాని మీద కుట్టిన ప్రతి జతకూ ఇంత అని వసూలు చేశాడు. ఈ అద్దె సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

యంత్రాలు వచ్చాక పదడుగుల కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఆడవాళ్లూ మగవాళ్లూ గంట మోగితే ఫ్యాక్టరీ గేటు లోపలికి, మళ్లీ గంట మోగితే బయటికి. మొత్తం బూటు చేయగలిగిన మనిషి పోయి, బూటులో నలభయ్యో వంతు పని మాత్రమే చేసే మనిషి వచ్చాడు. 1860 ఫిబ్రవరిలో కూలి రేట్ల కోసం లిన్‌లో మొదలైన సమ్మె చుట్టుపక్కల ఊళ్లకు పాకి వేలమందిని వీధిలోకి తెచ్చింది. మంచు కురుస్తుంటే ఆడవాళ్లు ఊరేగింపు తీశారు. అంతర్యుద్ధానికి ముందు అమెరికా చూసిన అతిపెద్ద సమ్మె అదే.

ఇదే లిన్‌లో ఫ్రెడరిక్ డగ్లస్ 1840లలో కాపురమున్నారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఆయన తన మొదటి ఆత్మకథ రాసింది ఇక్కడే. తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చుని లేవనన్నందుకు 1841లో ఆయన్ని సీటుతో సహా ఊడబెరికి లిన్ స్టేషన్లో దించేశారు. బానిసత్వ వ్యతిరేకులకు ఈ ప్రాంతం పేరుపడ్డదే. అయితే మసాచుసెట్స్ బూటు వ్యాపారం దక్షిణాది తోటల బానిసల కోసం మోటు బూట్లు కుట్టి అమ్ముకుని బతికిందన్నదీ అంతే నిజం.

ఇక కార్మిక సంఘాల సంగతి. 1867లో పుట్టిన నైట్స్ ఆఫ్ సెయింట్ క్రిస్పిన్ అనే బూట్ల కార్మికుల సంఘం కొంతకాలం దేశంలోనే పెద్ద యూనియన్. అదే రాష్ట్రంలోని నార్త్ ఆడమ్స్‌లో 1870లో క్రిస్పిన్లు సమ్మె చేస్తే, యజమాని కాలిఫోర్నియా నుంచి 75 మంది చైనా కార్మికులను రైల్లో దించి వాళ్ల చోట పెట్టాడు. కార్మికుల కోపంలో చాలా భాగం యజమాని మీదికి కాక ఆ చైనావాళ్ల మీదికే పోయింది. 1882లో అమెరికా పార్లమెంటు చైనా కూలీలు రాకుండా చట్టం చేసినప్పుడు దానికి గట్టి మద్దతు ఇచ్చినవాటిలో కార్మిక సంఘాలూ ఉన్నాయి.

మన పాఠకులు గమనించాల్సిన విషయం ఇంకోటి ఉంది. లిన్‌లో తోలు పని చేసే తెల్లవాడిని ఎవరూ అంటరానివాడనలేదు. చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడు, ఓటు వేశాడు, మునిసిపల్ ఎన్నికల్లో నిలబడ్డాడు. లాస్టింగ్ పనివాడైతే ఫ్యాక్టరీలో అందరికంటే ఎక్కువ కూలి తెచ్చుకునేవాడు. అదే తోలు, అదే వాసన, అదే రంగునీళ్లు. మన దగ్గర లంద దగ్గర తంగేడు చెక్కతో తోలు ఊనిన మాదిగను ఊరి బయట పెట్టినవాళ్లు అపవిత్రత తోలులో ఉందన్నారు. లిన్ చూస్తే తోలులో ఏమీ లేదని తెలిసిపోతుంది. అక్కడివాళ్లు గీత ఇంకోచోట గీశారు, రంగు దగ్గర.

చర్చి మిద్దె మీది గది

లిన్‌లో మాట్సెలిగర్ హార్నీ బ్రదర్స్ అనే ఫ్యాక్టరీలో చేరారు. పని మెకే కుట్టుమిషను మీద. రోజుకు పది గంటలు. రాత్రి బడికి వెళ్లి ఇంగ్లీషు నేర్చుకున్నారు. జీతంలో మిగిల్చి భౌతికశాస్త్రం పుస్తకాలు, డ్రాయింగు పరికరాలు కొన్నారు. బొమ్మలు బాగా వేసేవారు, ఇతరులకు నేర్పేవారు కూడా. ఊళ్లో మూడు చర్చిలు ఆయన్ని సభ్యుడిగా చేర్చుకోలేదు: క్యాథలిక్, ఎపిస్కోపల్, యూనిటేరియన్. చివరికి నార్త్ కాంగ్రిగేషనల్ చర్చిలోని యువకుల సంఘం రానిచ్చింది. అక్కడ ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేవారు.

ఫ్యాక్టరీలో ఆయన రోజూ చూసింది ఒక్కటే. కోత యంత్రాలు, కుట్టు యంత్రాలు గుట్టలు గుట్టలుగా తోళ్లు తయారుచేసి పెడుతున్నాయి. అవన్నీ వచ్చి లాస్టింగ్ బల్లల దగ్గర ఆగిపోతున్నాయి. చెయ్యి తిరిగిన లాస్టరు రోజంతా చేసినా యాభై జతల దగ్గరే ఆగేది. అంతకు మించితే కూలికీ కష్టం, బూటుకీ కష్టం. ఈ ఇరుకే లాస్టర్ల బలం. వాళ్లు పని ఆపితే ఫ్యాక్టరీ మొత్తం ఆగుతుంది. 1879లో లిన్ లాస్టర్లు తమ సొంత యూనియన్ పెట్టుకున్నారు. తమ పనిని యంత్రం చేయలేదన్న ధీమా ఆ యూనియన్‌కు ఆస్తిలాంటిది.

మాట్సెలిగర్ వాళ్ల చేతులను చూడటం మొదలుపెట్టారు. ఏ వేలు ఎటు లాగుతుంది, పటకారు ఏ కోణంలో తిరుగుతుంది, మడత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, చీల ఏ క్షణాన దిగుతుంది. ఒక పాత మిషన్ చర్చి మిద్దె మీద గది అద్దెకు తీసుకుని, రాత్రుళ్లు అదే ఇల్లుగా, అదే వర్క్‌షాపుగా పనిచేశారు. మొదటి నమూనా చుట్టల పెట్టెల చెక్క, తీగ, మేకులతో చేసింది. అది పనిచేయదు, కానీ ఎలా పనిచేయాలో చూపిస్తుంది. దాన్ని చూసినవాడొకడు యాభై డాలర్లు ఇస్తానన్నాడు. మాట్సెలిగర్ ఇవ్వలేదు. తర్వాత పాత ఇనుప ముక్కలు ఏరుకొచ్చి, పాత యంత్రాల భాగాలు కోసి, అరగదీసి ఇంకో నమూనా చేశారు. ఈసారి వేళ్ల దగ్గర మడతలు పెట్టే ఒక్క భాగానికే పదిహేను వందల డాలర్లు ఇస్తామన్నారు. అదీ ఇవ్వలేదు.

రోజుకూలీ మీద బతికే మనిషికి పదిహేను వందల డాలర్లంటే ఏళ్ల తరబడి జీతం. ఆ డబ్బు కాదనడం వెనక మొండితనమే ఉందనుకోలేం. యంత్రం కనిపెట్టినవాడికీ యంత్రం సొంతమైనవాడికీ మధ్య ఎంత దూరమో మెకే అద్దె యంత్రం ముందు కూర్చుని పనిచేసిన మనిషికి తెలియకపోదు. ఐదారు సెంట్ల తిండితో రోజు గడిపి ఇనుము కొన్నారు. ఒళ్లు గుల్లయింది అప్పుడే.

రెండు వంతులు పోయాక మిగిలింది

ఇనుముతో సరైన యంత్రం చేయాలంటే జీతం డబ్బు చాలదు. పేటెంటు ఖర్చులూ ఉన్నాయి. లిన్‌లోనే మెల్విల్ నికల్స్, చార్లెస్ డెల్నో అనే ఇద్దరు పెట్టుబడి పెట్టడానికి ఒప్పుకున్నారు. ఒప్పందం ప్రకారం యంత్రం మీద వచ్చే హక్కుల్లో ఇద్దరికీ చెరొక వంతు, మాట్సెలిగర్‌కు ఒక వంతు. అంటే ఒక్క బూటు కూడా చేయకముందే మూడింట రెండు వంతులు చేయి దాటిపోయాయి.

నమూనా పూర్తయ్యాక డ్రాయింగులు వాషింగ్టన్‌లోని పేటెంటు ఆఫీసుకు పంపారు. అక్కడి అధికారులకు ఆ బొమ్మలు అర్థం కాలేదు. ఇంత చిక్కు పనిని ఇలా చేయవచ్చంటే నమ్మబుద్ధి కాలేదు. యంత్రం నిజంగా పనిచేస్తుందో లేదో చూసి రమ్మని ఒక అధికారిని లిన్ పంపించారు. 1883 మార్చి 20న పేటెంటు వచ్చింది. నంబరు 2,74,207.

ఈ తేదీకి పాతికేళ్ల వెనక్కి వెళ్తే ఇంకో కథ ఉంది. మిసిసిపీ రాష్ట్రంలో నెడ్ అనే బానిస పత్తి చేలలో వాడే ఒక పనిముట్టు కనిపెట్టాడు. అతని యజమాని ఆ పేటెంటు తనకు కావాలన్నాడు. 1858లో అమెరికా అటార్నీ జనరల్ జెరెమియా బ్లాక్ తీర్పులాంటి అభిప్రాయం ఇచ్చాడు: బానిస పౌరుడు కాడు కాబట్టి అతనికి పేటెంటు ఇవ్వలేం, యజమాని కనిపెట్టలేదు కాబట్టి అతనికీ ఇవ్వలేం. బానిస బుద్ధిలోంచి పుట్టినదానికి చట్టంలో చోటే లేదన్నమాట. ఎందరు నెడ్‌లు ఏమేం కనిపెట్టారో లెక్క లేకపోవడానికి కారణం ఇది. మాట్సెలిగర్ తరం ఆ తలుపు తెరుచుకున్నాక వచ్చింది. చట్టం అడ్డు తొలగింది, పెట్టుబడి అడ్డు అలాగే ఉంది.

పేటెంటు వచ్చాక కూడా ఆయన ఆగలేదు. మరో రెండేళ్లు సవరించారు. 1885 మే 29న ఫ్యాక్టరీలో అందరి ముందు పరీక్ష పెట్టారు. ఆడవాళ్ల బూట్లు 75 జతలు ఏ లోపం లేకుండా యంత్రం చేసి పెట్టింది. పనితీరు ఇది: యంత్రం అచ్చును పట్టి ఉంచుతుంది, పటకార్లు పై తోలును అంచుల చుట్టూ లాగుతాయి, వేళ్ల దగ్గర, మడమ దగ్గర మడతలు పెడతాయి, చీల దిగుతుంది, బూటు కిందికి జారుతుంది, తర్వాతది వస్తుంది. చేత్తో రోజుకు యాభై జతలు చేసే చోట ఈ యంత్రం నూటయాభై నుంచి ఏడువందల జతల దాకా చేసింది.

ఇప్పుడు పెద్ద ఎత్తున యంత్రాలు తయారుచేయాలి. దానికి నికల్స్, డెల్నోల డబ్బు కూడా చాలలేదు. జార్జి బ్రౌన్, సిడ్నీ విన్స్‌లో అనే పెద్ద పెట్టుబడిదారులు వచ్చారు, కొత్త కంపెనీ పెట్టారు. మాట్సెలిగర్ తన పేటెంటు హక్కులు కంపెనీకి రాసిచ్చి బదులుగా కొన్ని వాటాలు తీసుకున్నారు. అప్పటినుంచి యంత్రం కంపెనీది. దాన్ని ఇంకా మెరుగుపరిచే పని మాత్రం ఆయనదే. మొత్తం ఐదు పేటెంట్లు ఆయన పేరు మీద ఉన్నాయి. నాలుగు ఆయన చనిపోయాక వచ్చాయి.

1886 వేసవిలో చర్చివాళ్లతో కలిసి వనభోజనానికి వెళ్లి వానలో తడిశారు. జలుబన్నారు. తర్వాత అది క్షయ అని తేలింది. మూడేళ్లు మంచం మీద, ఆస్పత్రిలో, ఓపిక ఉన్న రోజున బొమ్మలు గీస్తూ గడిపారు. 1889 ఆగస్టు 24న చనిపోయారు. పెళ్లి చేసుకోలేదు. వాటాల్లో కొంత భాగం తనను రానిచ్చిన చర్చికి రాశారు. 1904లో ఆ చర్చి తన కట్టడం మీద ఉన్న తనఖా అప్పు ఆ డబ్బుతోనే తీర్చుకుంది. అప్పటికి దాని విలువ అంత పెరిగింది. ఆయన బతికుండగా చేతికందింది తక్కువ.

యంత్రం ఎవరి వాటా ఎంత మార్చింది

ముందు కొనేవాళ్ల సంగతి. బూట్ల ధరలు సగానికి సగం పడిపోయాయి. ఒక్క జతను ఏళ్ల తరబడి అతుకులేసుకుని తొడిగిన కూలీ కుటుంబాలు పిల్లలకు కూడా బూట్లు కొనగలిగాయి. వేసవంతా వట్టికాళ్లతో తిరగడం పేదరికానికి గుర్తుగా ఉన్న దేశంలో ఇది చిన్న మార్పు కాదు. లిన్ జనాభా 1880లో సుమారు 38 వేలు, 1890కి 55 వేలు దాటింది. ఫ్యాక్టరీలు, అద్దె ఇళ్లు, ట్రాములు, వలస వచ్చిన కుటుంబాలు.

లాస్టర్ల సంగతి వేరు. వాళ్ల చేతి నేర్పు ఇప్పుడు ఇనుములో ఉంది. యంత్రం రాగానే వాళ్లు మాయం కాలేదు. యంత్రం మీద కూర్చునే పని తమకే కావాలని పోరాడారు, కొంతకాలం చేతి పనీ యంత్రం పనీ పక్కపక్కనే నడిచాయి. కానీ ఫ్యాక్టరీ మొత్తాన్ని ఆపగలిగే ఆ పాత బలం కరిగిపోయింది. 1895లో వాళ్ల యూనియన్ మిగతా బూట్ల కార్మిక సంఘాలతో కలిసి ఒకే సంఘమైంది. విడివిడిగా నేర్పును కాపాడుకునే రోజులు పోయాయని వాళ్లకు అర్థమైంది, కాస్త ఆలస్యంగా.

వాళ్ల కోపం ఎటు పోయిందంటే, యంత్రానికి పెట్టిన పేరులోకి పోయింది. యంత్రం చేసినవాడు నల్లవాడు కాబట్టి, నల్లవాళ్లను అవమానించే ఒక బూతుమాటతో ఆ యంత్రాన్ని పిలిచారు. ఆ మాట ఇక్కడ రాయడం లేదు. ఆయన చనిపోయిన చాలా ఏళ్ల తర్వాత కూడా బూట్ల ఫ్యాక్టరీల్లో ఆ యంత్రానికి అదే వాడుక పేరు. దాని ముందు రోజంతా కూర్చుని కూలి తెచ్చుకున్నవాళ్లలో చాలామందికి అది కనిపెట్టిన మనిషి అసలు పేరు తెలియదు. మన దగ్గర కులం పేరే తిట్టుగా వాడుకలో ఉండటం తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

మూడోది, పెట్టుబడి. విన్స్‌లో 1899లో బూట్ల యంత్రాల కంపెనీలను కలిపి యునైటెడ్ షూ మెషినరీ అనే సంస్థ పెట్టాడు. లాస్టింగ్ యంత్రం, మెకే కుట్టు యంత్రం, గుడ్‌ఇయర్ యంత్రం, అన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. పాత మెకే లెక్కే, ఇంకా పెద్దది: యంత్రాలు అమ్మరు, అద్దెకిస్తారు. జతకు ఇంత అని వసూలు చేస్తారు. ఒక యంత్రం కావాలంటే మిగతావీ వాళ్లవే వాడాలని షరతు. అమెరికాలో బూటు చేసే ప్రతి ఫ్యాక్టరీ ఈ కంపెనీకి ఏదో రూపంలో కప్పం కట్టినట్టే. లిన్‌కు దగ్గర్లోని బెవర్లీలో కాంక్రీటుతో కట్టిన వాళ్ల ఫ్యాక్టరీ ఆ రోజుల్లో ఇంజినీర్లు వచ్చి చూసిపోయే వింత. అద్దె షరతులు చెల్లవని సుప్రీంకోర్టు 1922లో తీర్పిచ్చింది. గుత్తాధిపత్యం కేసులో ప్రభుత్వం 1950లలో మళ్లీ గెలిచింది. అప్పటికి మాట్సెలిగర్ పోయి అరవై ఏళ్లు దాటింది.

లిన్ నుంచి మన బజారు దాకా

ఈ యంత్రాల పద్ధతి అమెరికాలోనే ఆగలేదు. ఇప్పటి చెక్ దేశంలోని జ్లీన్ అనే చిన్న ఊరి నుంచి టోమాష్ బాటా అనే చెప్పుల కుటుంబం యువకుడు 1904లో అమెరికా వచ్చి, లిన్ బూట్ల ఫ్యాక్టరీల్లో మామూలు కార్మికుడిగా పనిచేశాడు. యంత్రాలు ఎలా వరసగా పెట్టారో, పనిని ఎలా ముక్కలు చేశారో చూసి వెళ్లి జ్లీన్‌లో అదే పద్ధతి పెట్టాడు. ఆ బాటా కంపెనీయే 1931లో కలకత్తా దగ్గర కొన్నగర్‌లో మొదలై, తర్వాత బాటానగర్ కట్టింది. మన జిల్లా కేంద్రాల్లో ఎర్ర అక్షరాల బోర్డు వెనక మూలాల్లో ఒకటి లిన్‌లో ఉంది.

ఆ షాపు వచ్చేదాకా మన ఊళ్లలో చెప్పులు కుట్టింది మాదిగలు. ఆరె, రంపె, అచ్చు, అంతే సామాను. రైతుకు కిర్రు చెప్పులు, మోటకు తోలు బొక్కెన, ఎద్దుకు వారులు. బదులుగా కళ్లంలో మేర కింద గింజలు, అదీ కాపు పెట్టినంత. కుట్టినవాడు తాను కుట్టిన చెప్పులు తొడుక్కుని ఊరి మధ్య వీధిలో నడవడానికి లేదు. యంత్రం బూటు వచ్చి ఈ కట్టును కొంత సడలించిన మాట నిజం. డబ్బిచ్చి కొన్న చెప్పుకు కులం అడగరు. కానీ పనిపోయిన మాదిగకు ఆ యంత్రంలో వాటా రాలేదు. ఫ్యాక్టరీ పెట్టడానికి భూమి లేదు, అప్పిచ్చే బ్యాంకు లేదు, షాపు పెట్టడానికి బజారులో గది ఇచ్చేవాడు లేడు. తోలు శుద్ధి, బూట్ల ఎగుమతి పెద్ద వ్యాపారమయ్యాక అందులోకి అన్ని కులాల పెట్టుబడీ వచ్చింది. అప్పుడు తోలు ముట్టుకుంటే ఎవరూ మైలపడలేదు. తరతరాలుగా ఆ పని తెలిసినవాళ్లు మాత్రం చాలాచోట్ల రోడ్డు పక్క గొడుగు కింద రిపేరు దగ్గరే మిగిలారు.

మాట్సెలిగర్ చేతిలో నేర్పు ఉంది, బుద్ధి ఉంది, చివరికి చట్టం ఇచ్చిన పేటెంటు కూడా ఉంది. అప్పటికి ఇంకో నల్లజాతి మనిషి చేతిలో ఈ మూడూ కలిసి ఉండటం అరుదు. అయినా మూడింట రెండు వంతులు మొదటి సంతకంతోనే, మిగతాది రెండో సంతకంతో పోయాయి. నల్లజాతి చరిత్రకారులు ఇరవయ్యో శతాబ్దంలో పాత పేటెంటు కాగితాలు, చర్చి రికార్డులు వెతికి ఆయన జీవితాన్ని మళ్లీ కూర్చారు. 1991లో, ఆయన పుట్టినరోజున, అమెరికా తపాలా శాఖ నల్లజాతి వారసత్వం వరసలో 29 సెంట్ల స్టాంపు వేసింది. లిన్‌లో ఒక వంతెనకు ఆయన పేరుంది. ఆ ఊళ్లో ఇప్పుడు బూట్ల ఫ్యాక్టరీలు లేవు. పైన్ గ్రోవ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.